మా కొట్టుకి ఎర్రగళ్ల అంచు

పాడేరులో మా కొట్టు ముందు నిలబడితే లోపల ఉన్న మనిషి కనిపించేవాడు కాదు. పైనుంచి షాంపూ ప్యాకెట్ల దండలు వేలాడేవి. వాటి వెనక కొండ చీపుర్లు, బిస్కెట్ డబ్బాలు, కింద చింతపండు బుట్టలు, పిప్పళ్ల సంచులు. మేము బతికేది పసుపు మీదే అయినా, ఆ పసుపు వీటన్నిటికీ వెనక ఎక్కడో ఉండేది. ఖాళీ అర కంటబడితే మా ఆయన ఓర్చుకోలేరు. ఒక డబ్బా అమ్ముడైతే పక్క డబ్బా జరిపి ఆ చోటు కప్పేసేవారు.

"కొట్టు బోసిగా అగుపడిందంటే సరుకు తేలేకపోతన్నాడని ఊరంతా అనుకుంటాది" అనేవారు. మైదానం నుంచి కొండెక్కి వచ్చి వ్యాపారం పెట్టిన మా మామగారి దగ్గర ఆయన నేర్చుకున్న పాఠం అది.

అంత నిండుగా ఉన్న కొట్టుకి కొన్నేళ్లుగా బేరాలు పలచబడ్డాయి. వంజంగి కొండ మీది మేఘాలు చూడ్డానికి వచ్చే కార్లు మా ముందునుంచే పోతాయి, ఆగవు. మంచి పసుపు కావలసినవాళ్లు ఫోన్లో తెప్పించుకుంటున్నారు. ఇలా ఉండగా సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకుంటానని ఒకతను కొట్టు అద్దెకి అడిగాడు. ఆయన కాదనలేదు. "ఈ పసుపు పంట అయ్యేదాకా సూద్దాం" అన్నారట. అన్నం తింటూ ఆ మాట మాతో చెప్పి, మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు.

"ఈ పంటకాలం నాకివ్వండి మావయ్యా, వెబ్‌సైట్ చేస్తాను" అంది మా కోడలు.

విశాఖపట్నంలో వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో పని చేసేది తను. మా అబ్బాయికి కరెంటాఫీసులో ఇక్కడికి బదిలీ అయితే, ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని తనూ కొండెక్కి వచ్చింది. మేడమీద నీళ్ల ట్యాంకు పక్కన సిగ్నల్ బాగుంటుందని అక్కడే కూర్చుని పని చేసుకునేది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, బడి వరండాలో ఆడవాళ్లకి మధ్యాహ్నం పూట చెప్పే క్లాసులో. అక్షరాలు వచ్చినంత మాత్రాన అన్నీ చదవగలిగానని కాదు. బస్సు మీద ఊరి పేరు చదివేదాన్ని. నల్లబల్ల మీద ఒక్క మాట రాస్తే చదివేదాన్ని. కూడలిలో కట్టిన ఫ్లెక్సీలు మాత్రం చదవలేకపోయేదాన్ని. దండలేసిన ముఖాలు, నాలుగైదు రంగులు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న మాటలు. ఎక్కడ మొదలుపెట్టాలో తేలేలోపే కళ్లు అలిసిపోయేవి. నాకే చదువు సరిగ్గా రాలేదనుకునేదాన్ని.

కోడలు ముందు మావయ్య చెప్పినట్టే చేసింది. ఒక్క ముక్క వాదించలేదు. జలపాతం పెట్టమన్నారు, పెట్టింది. అమ్మవారి బొమ్మ, థింసా ఆడే ఆడవాళ్లు, గోడ మీది మా మామగారి ఫోటో, కొట్లో ఉన్న ప్రతి సరుకూ, పైన పరిగెత్తే అక్షరాలు, అన్నీ పెట్టింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇదీ కొట్టంటే!"

కోడలు ఆ పేజీని ఫోన్లో తెరిచి నా చేతిలో పెట్టింది. "అత్తయ్యా, ఇందులో పసుపెక్కడుందో చూపించండి."

పైకి జరిపాను, కిందకి జరిపాను. జలపాతం దొరికింది. మా మామగారు దొరికారు. నా టీ చల్లారిపోయింది గానీ పసుపు దొరకలేదు.

"ఉందిలేవే, అడుగున ఉంది. నీకు సూడ్డం రాదు" అన్నారాయన.

"అది ఎతుక్కునేలోగా కొనేవాడు అవతల కొట్టుకెళ్లిపోతాడు" అన్నాను.

అప్పుడు కోడలు తను చేసిన రెండో పేజీ తెరిచింది. తెల్లటి పేజీ. మధ్యలో విరిచిన పసుపుకొమ్ము ఒక్కటి. లోపలి రంగు నిప్పులా ఉంది. దాని కింద, "పాడేరు కొండల పసుపు". ఇంకా కింద, "కావాలంటే ఇక్కడ నొక్కండి". అంతే. మిగిలినదంతా ఖాళీ.

"ఏటమ్మా ఇది? దివాలా తీసిన కొట్టులాగుంది!" అన్నారు ఆయన.

నేను పై నుంచి కింద దాకా చదివేశాను. చదవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఒక పేజీ మొత్తం నేను పూర్తిగా చదవడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ నా కళ్లకి కావలసింది మాటకీ మాటకీ మధ్య కాస్త చోటు అని ఆ పూట తెలిసింది. ఆ చోటు ఎవరో కావాలని వదలాలని, వదలడానికి కూడా చదువూ ధైర్యమూ ఉండాలని కూడా తెలిసింది.

తర్వాత చాలా రోజులు కోడలు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. నేను పైకి చదువుతుంటే స్క్రీన్ వంక కాదు, నా వేలి వంక చూసేది. "సేంద్రియ పద్ధతిలో" అన్న దగ్గర నా వేలు ఆగితే, దాన్ని తీసేసి "మందులు వెయ్యకుండా పండించిన" అని పెట్టింది. ఒకనాడు ఉదయమంతా కష్టపడి చేసిన పసుపుపూల బొమ్మని, నా చూపు దాని మీదికి పోతోందని, అక్కడికక్కడే తీసేసింది. నాకే మనసొప్పలేదు.

"అయ్యో, బాగుందమ్మా, ఉంచరాదూ?"

"బాగుంది కాబట్టే తీసేశానత్తయ్యా. అందరూ దాన్నే చూస్తారు, పసుపు చూడరు."

ఇంత చిన్న వయసులో తన పని తనే అలా తుడిచేసుకోగలిగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈలోగా మా ఆయన ఊరుకోక, ప్యాకెట్ల మీదికి స్టిక్కర్లు వేయించుకొచ్చారు. కిరణాల మధ్య అమ్మవారు, అంచుల్లో నెమళ్లు. అంతకుముందు వేయించినవాటి మీద ఏనుగులు ఉండేవి.

భోజనాల దగ్గర కోడలు మెల్లగా అంది. "సైట్ ఒకలా, ప్యాకెట్ ఒకలా, కొట్టు బోర్డు ఇంకోలా ఉంటే ముగ్గురు వేరే వేరే మనుషులు అమ్ముతున్నట్టుంటుంది మావయ్యా."

"అన్నిటికీ ఒకటే ఏస్తే జనానికి మొహం మొత్తదేటి?"

నాకు నవ్వాగలేదు. "మీ తువ్వాలు చూసి ఎవరికైనా మొహం మొత్తిందా?"

ఆయన భుజం మీద ఎప్పుడూ ఎర్రగళ్ల తువ్వాలే. ముంచింగిపుట్టు సంతలో పసుపు తెచ్చే ఒక కొండ ఆడమనిషి ఏటా మాకే అమ్మేది. ఒక ముసుర్లో తువ్వాలు ఆరక ఆయన పచ్చ తువ్వాలు వేసుకుని వెళ్లారు. ఆవిడ ఆయన ముందునుంచే నడిచి పోయి, ఇంకొకరికి అమ్మేసుకుంది. మరుసటి సంతలో మళ్లీ ఆవిడే దెబ్బలాడింది. "ఎర్ర తువ్వాలు ఏసుకోకపోతే నువ్వని నాకెలా తెలుస్తాది సావుకారూ?"

ఈ కథ వింటూ కోడలు ముద్ద కలపడం ఆపేసింది. మర్నాడు దండెం మీద తువ్వాలు లేదు. మేడమీద పరిచి ఫోటోలు తీస్తోంది. వారం తిరక్కుండా ఆ ఎర్రగళ్లు వెబ్‌సైట్ పైన సన్నటి పట్టీ అయ్యాయి. ప్యాకెట్‌కి అదే పట్టీ, బిల్లుకి అదే, కొట్టు బోర్డుకి అదే. ఎక్కడ చూసినా అదే ఎరుపు, అదే వెడల్పు. ఇంకే బొమ్మా లేదు.

ఆయన ఫోన్ మీద ఆ పట్టీని వేలితో తడిమి చూశారు. "బాగుంది గానీ, కొనేదెవరు?" అన్నారు. గొంతులో ఎకసెక్కం లేదు, భయం ఉంది.

సైట్ తెరిచాక ఆర్డర్లు రాలేదు. పంట చివరికొచ్చింది. సెల్‌ఫోన్లతను టేపు పట్టుకుని కొట్టు కొలుచుకోవడానికి వచ్చేశాడు. కోడలు మేడమీద ఉంది. నేను కొట్టు వెనకగదిలో కూర్చుని ఫోన్ తీశాను. పసుపుకొమ్ము దగ్గర నొక్కాను. చిరునామా అడిగితే ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. అవతల మా ఆయన ఫోన్ మోగింది.

"ఆర్డరొచ్చిందిరోయ్!" అని కేక వేసి, కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. నేను గుమ్మంలోకి వచ్చాను. "ఓసే, ఇది మనింటి అడ్రసేటే?"

"అవునండి. నానే."

"కోడలు నొక్కించిందేటి?"

"లేదు. నానే సదివి, నానే నొక్కాను."

టేపు పట్టుకున్నతను పగలబడి నవ్వాడు. "సొంత కొట్లో పసుపుకి ఆన్‌లైన్ ఏటి వదినగారూ! డెలివరీకి అన్నయ్యగారే వస్తారా?"

మా ఆయన నవ్వలేదు. ఫోన్ వంక, నా వంక మార్చి మార్చి చూశారు. కూడలిలో ఫ్లెక్సీ చదవలేనిదాన్నని ఆయనకి తెలుసు. "ఇదే కొనగలిగిందంటే ఎవరైనా కొనగలరు" అన్నారు, ఎవరితోనో తెలియదు. తర్వాత అతనితో, "టేపు సుట్టేయి తమ్ముడూ. కొట్టు ఇవ్వను" అన్నారు.

ఆ తర్వాత ఎక్కడెక్కడి నుంచో ఆర్డర్లు వచ్చాయి. కొన్ని నెలలు బాగా, కొన్ని నెలలు పలచగా. కొట్టు మాత్రం మా చేతుల్లోనే ఉంది.

ఆ రోజు సెల్‌ఫోన్లతను వెళ్లాక మా ఆయన స్టూలెక్కి షాంపూ దండలు విప్పడం మొదలుపెట్టారు. చీపుర్లు లోపలికి పోయాయి, బిస్కెట్ డబ్బాలు పోయాయి. పసుపు ప్యాకెట్లు ఒక్క వరసలో ముందు పెట్టి, రోడ్డు దాటి అవతల నిలబడి, చెయ్యి నొసట అడ్డం పెట్టుకుని చూశారు. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాను.

"ఏటండీ, బోసిగా ఉందా?" అని అరిచాను.

"లేదే. బేగి మన కోడల్ని పిలు, ఇక్కడినుంచి సూస్తాది" అని అరిచారు. "నువ్వు అగుపడతన్నావే!"