నీళ్ళ ట్యాంకు దర్వాజా మూల

మా బావ పోయాడు. తెల్లారాక అక్క గిద్దలూరు నుంచి ఫోన్ చేసి, "మీ బావ నిద్రలోనే పోయినాడే" అంది. నేను ఏడుపు మొదలుపెట్టేలోపే, "పొద్దున లేచి ట్యాంకు కాడికి పోలా. అప్పుడే నాకు అర్థమైపోయింది" అంది.

మీలో గిద్దలూరు వాళ్ళెవరైనా ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. పొద్దున్నే ట్యాంకు కింద నిలబడి, దర్వాజా పైమూలను రెండు వేళ్ళతో తడుముతుండే ముసలాయన. పిచ్చాయన అనుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టను, ఆయనతో కలిసి లెక్కలు చేసిన నేనే చాలాసార్లు అలా అనుకున్నాను. చిన్న ఇంజనీరుగా చేరిన నాటి నుంచి ఆయన చేసిన అసలు ఉద్యోగం ఒక్కటే, భయపడటం.

ఆంధ్రప్రదేశ్ వచ్చి అప్పటికి పదేళ్ళు. మాది ఇంకా కర్నూలు జిల్లా. అక్కావాళ్ళ వీధి చివర నీళ్ళ ట్యాంకు కడుతున్నారు. పైన ట్యాంకు, దాన్ని మోయడానికి కింద గుండ్రటి కాంక్రీటు గోడ, ఆ గోడలో మనిషి పోవడానికి ఒక దర్వాజా. ఆ బాధ్యత బావది. ఆయన మద్రాసులో ట్రైనింగుకు పోయి, ఫైనైట్ ఎలిమెంట్ అనే కొత్త లెక్కల పద్ధతి నేర్చుకొచ్చాడు. నేను మార్కాపురం ఆడపిల్లల బళ్ళో లెక్కల టీచర్ని. ఎండాకాలం సెలవులకని అక్క దగ్గరికి వస్తే ఊరుకుంటాడా! చేత్తో తిప్పే లెక్కల మిషన్ తెచ్చి నా ముందు పెట్టాడు.

వెనక వసారాలో బండల మీద సుద్దతో ఆ గోడను గీసి, దాన్నంతా త్రికోణాలుగా విడగొట్టాడు. "ఇంత పెద్ద గోడ ఏం చేస్తదో మనకు తెలీదు మరదలా. చిన్న ముక్క ఏం చేస్తదో తెలుసు. ముక్కలు చేసేది సులువే. అవి కలిసే కాడ అన్నీ కలిసే కదిలేట్టు లెక్క కట్టాల, అదీ కష్టం" అన్నాడు. తర్వాత కష్టమంతా నాదే. పిడి తిప్పీ తిప్పీ అరచేయి బొబ్బలెక్కింది. చివరికి జవాబు వచ్చింది. దర్వాజా మూల దగ్గర ఒత్తిడి ఎక్కువే, అయినా గోడ తట్టుకుంటుంది. బావ ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు శుక్రవారమని అక్క వసారా అంతా నీళ్ళు పోసి కడిగేసింది.

బావ తల పట్టుకుని కూర్చున్నాడు. "ఏందయ్యా, సుద్ద గీతలకు ఇంత ఏడుపా? మళ్ళ గీసుకో" అంది అక్క. గీశాడు. ఎటూ గీస్తున్నాం కదా అని ఈసారి మూల దగ్గర ముక్కలు ఇంకా చిన్నవి చేశాడు. లెక్క వేస్తే అంకె పెరిగింది. ఇంకా చిన్నవి చేశాడు, ఇంకా పెరిగింది. "ముక్కలు చిన్నవయ్యేకొద్దీ అంకె ఒకచోట నిలవాల. ఇది నిలవడంలే" అన్నాడు. అక్కడ గోడ చీలితే ఆ బరువంతా పడేది అక్కావాళ్ళ వీధి మీదే.

"బావా, నీ భయం కూడా ఇంతే. ఎంత చీలిస్తే అంత పెద్దదైతది" అని నవ్వించబోయాను. ఆయన నవ్వలేదు. సుద్దతో గీసిన ఆ నలుచదరపు మూలను బొటనవేలితో చెరిపేసి, గుండ్రంగా గీశాడు. మళ్ళీ మిషన్ తిప్పాను. అంకె తగ్గింది, నిలబడింది కూడా.

దర్వాజా చుట్టూ కాంక్రీటు పోయడానికి చెక్కలు అప్పటికే బిగించేశారు. వాటిని విప్పి మూలలు గుండ్రంగా చేయమంటే మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. "గుండ్రం దర్వాజా ఏంది సార్, ఇదేమన్నా దర్గానా?" అన్నాడు. పై ఆఫీసరు ఆలస్యమైందని చీవాట్లు పెట్టాడు. బావ అన్నీ తలవంచుకుని విన్నాడు గానీ, విప్పించేదాకా కదల్లేదు.

అయినా భయం పోయిందా? ట్యాంకు పూర్తయి మొదటిసారి నీళ్ళెక్కించే రోజుకు నేనూ సెలవు పెట్టి వచ్చాను. ఆ పొద్దున్నే బావ అక్క బట్టలూ, వాళ్ళ చంటిపాప బట్టలూ సంచిలో సర్దేశాడు. "పాపను తీసుకోని మార్కాపురం పో. రేపు వద్దువులే" అన్నాడు. అక్కకు విషయం అర్థమైంది. సంచి కింద పెట్టింది.

"మమ్మల్ని బస్సెక్కిస్తావు సరే. ఈ వీధిలో వాళ్ళందరికీ ఏ బస్సు పెడతావు? లెక్క సరిగ్గా ఉందనుకుంటే మేం ఈడనే ఉంటాం. లేదనుకుంటే నీళ్ళు ఆపు."

బావ సంచిలోని బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టాడు. ఆ మొహం నేను మరచిపోలేను. చివరికి, "ఉండండి" అని, ట్యాంకు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మేం అరుగు మీద కూర్చున్నాం. మోటారు మోగుతూనే ఉంది. అక్క పాపను ఒళ్ళోంచి దించలేదు, నేను ట్యాంకు మీది నుంచి చూపు తిప్పలేదు. మధ్యాహ్నం దాటాక పైనుంచి నీళ్ళు పొంగి కింద పడ్డాయి. వీధి వీధంతా బిందెలతో పరుగెత్తింది. బావ మాత్రం కొత్తగా సున్నం కొట్టిన ఆ మూల మీద చెయ్యి తీయలేదు. జనం తగ్గాక ఇంటికొచ్చి, "గీత లేదు" అన్నాడు. గోడ ఎక్కడా పగల్లేదని. అక్క ఇచ్చిన కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగాడు. వేళ్ళ సున్నం గ్లాసుకు అంటింది.

అప్పటినుంచి ప్రతి పొద్దునా అదే. రిటైరయ్యాక కూడా అదే. వెళ్ళడం, మూల తడమడం, వచ్చి "గీత లేదు" అనడం. "ఉంటే నువ్వు ఇంటికొచ్చేవాడివా?" అని అక్క కాఫీ ఇవ్వడం. ఎంత సున్నం కొట్టినా అక్కడ నిలిచేది కాదు. మేమంతా నవ్వేవాళ్ళం. మా నిద్రలో సగం నువ్వు మేలుకుని ఉండటం వల్లే పట్టిందని ఇప్పుడు తెలుస్తోంది బావా.

కర్మకాండ అయ్యాక నేను తిరుగు ప్రయాణమయ్యే రోజు పొద్దున లేచి చూస్తే అక్క మంచం మీద లేదు. కంగారుగా వీధిలోకి వచ్చాను. ట్యాంకు వైపు నుంచి కర్ర పోటేసుకుంటూ వస్తోంది. నన్ను పలకరించకుండానే లోపలికి పోయి, బావ ఫోటో ముందు నిలబడి, "గీత లేదు" అంది.

తర్వాత నా చేతికి కాఫీ గ్లాసు ఇచ్చింది. దాని మీద రెండు వేళ్ళ సున్నం.