ఫ్యూజు పీకినా ఆరని ఎర్రదీపం

కొత్త కరెంటు మీటర్ల వల్ల ఇంట్లో వాళ్ళకు లాభమా, నష్టమా అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, తర్వాత సిగ్గేస్తుంది. ఒళ్ళు మండేది అడిగినవాళ్ళ మీద కాదు, నా మీదే. తొంభైల చివర్లో పుంగనూరు వీధుల్లో ఇదే ప్రశ్నకు రోజుకు పదిసార్లు జవాబు చెప్పేవాణ్ణి. ఒక్కసారి కూడా తడుముకున్న పాపాన పోలేదు.

అప్పుడు నేను మీటర్ రీడర్ని. నెలకోసారి ఇంటింటికీ వెళ్ళి మీటరు అంకె రాసుకుని చీటీ ఇవ్వడం నా పని. పాత మీటర్లలో గాజు వెనక ఒక అల్యూమినియం చక్రం తిరుగుతుండేది. దాన్ని ఆపడానికి జనానికి తెలియని విద్య లేదు. ఫిల్ము ముక్క దూర్చేవాళ్ళు, మీటర్నే పక్కకు వంచేవాళ్ళు. తర్వాత చక్రం లేని ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చాయి. మమ్మల్ని ఒక పూట కూర్చోబెట్టి వాటి సంగతి చెప్పారు. దీనికి ఒక ఎర్రదీపం ఉంటుంది, అది వెలిగితే దొంగతనం జరుగుతోందేమో చూడండి అన్నారు. ఆ దీపం వెలగడానికి ఇంకేమైనా కారణాలుంటాయా అని నేను అడగలేదు. నా ధ్యాసంతా మధ్యాహ్నం ఇస్తామన్న బిర్యానీ పొట్లం మీదే ఉంది.

నేను తిరిగే వీధుల్లో ఒక నర్సమ్మ ఉండేది. మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరై, రెండు వాటాల పాత ఇంట్లో వెనక వాటాలో ఒక్కతే కాపురముండేది. ముందు వాటాలో భార్యాభర్తలు దోసె పిండి రుబ్బి హోటళ్ళకు వేసేవాళ్ళు. వాళ్ళ గ్రైండరు పొద్దుట మొదలైతే ఆగేది కాదు. నర్సమ్మకు ఉన్నదల్లా రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో. చర్చిలో కానుకల పెట్టె తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. దాన్ని చీర కొంగున ముడేసుకుని తిరిగేది. నేను వెళ్తే మజ్జిగ ఇచ్చేది. కళ్ళద్దాలు పెట్టుకుని నేను రాసిన అంకె తానూ ఒకసారి చూసి, గోడ మీది క్యాలెండర్లో రాసుకునేది.

ఆమె వాటాకు కొత్త మీటరు బిగించిన రోజు నేనక్కడే ఉన్నాను. ముందు వాటాకు ఇంకా పాతదే.

“దీంతో మా మాదిరోళ్ళకు ఏమన్నా లాభం ఉండాదా అప్పా?” అని అడిగింది.

“లాభమంతా మీకేనమ్మా. ఇది అబద్ధం చెప్పదు. ఎంత వాడితే అంతే సూపిస్తాది.”

“మంచిదే. పాతది కూడా నాకేం అబద్ధం చెప్పలేదులే” అని నవ్వింది.

మరుసటి నెల వెళ్ళేసరికి అంకె ఎప్పుడూ లేనంత పైకి ఎగబాకింది. ఎర్రదీపం నిక్షేపంగా వెలుగుతోంది. ఏదో గొప్ప దొంగను పట్టుకున్నట్టు నాకు హుషారొచ్చింది.

“ఏమ్మా, యాడన్నా వైరు తగిలించుకోనుండారా?” అన్నాను. నా గొంతు వీధి దాకా వినిపించింది. కాస్త తగ్గించాలని కూడా నాకు తోచలేదు.

“నేనా? నాకు యాల అప్పా ఆ పని?” అంటూ ఆమె స్టూలు తెచ్చి వేసుకుంది. ఆ వయసులో దాని మీదికెక్కి, తన చేత్తో తనే ఫ్యూజు పీకింది. “ఇప్పుడు సూడు.”

ఫ్యాను ఆగింది. రేడియో ఆగింది. ముందు వాటాలో గ్రైండరు మాత్రం గుర్రుమంటూనే ఉంది. మీటర్లో ఎర్రదీపం ఆరలేదు. కరెంటు లెక్కకు మినుకుమనే చిన్న దీపం కూడా మినుకుమంటూనే ఉంది.

“ఇంట్లో ఏమీ నడవకపోయినా ఇది నడస్తాండాదంటే, తప్పు దీంట్లోనే ఉండాది కదప్పా” అంది నర్సమ్మ.

“మీటరు అబద్ధం చెప్పదమ్మా. ఫ్యూజు పీకినా నడస్తాండాదంటే, ఫ్యూజుకు దొరక్కుండా యాడో దొంగ తీగ పోతాండాది.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారే, అదీ నా వరస. అప్పటికి ముందు వాటా ఆవిడా, ఇరుగుపొరుగులో ఇద్దరూ గుమ్మం దగ్గరికి చేరారు. వాళ్ళందరి ముందూ నేను పుస్తకం తీసి రాశాను. ఆమె ఎప్పటిలాగే కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

“దొంగతనం అని రాసినావా?”

“అనుమానం అని రాసినానమ్మా.”

“ఊర్లో రెండూ ఒగటేలే అప్పా” అంది.

రెండు రోజుల తర్వాత తనిఖీకి వచ్చినవాళ్ళకు దొంగ తీగ ఏదీ దొరకలేదు. అయినా అంకె అంకే, దీపం దీపమే, నా రాత నా రాతే. స్తంభం దగ్గర తీగ కత్తిరించారు. ఆమె వాదించలేదు. కట్టమన్నది కట్టింది. కరెంటు మాత్రం మళ్ళీ వద్దంది.

ఆ తర్వాతి నెల ముందు వాటా ఆవిడ నా దగ్గర చీటీ అందుకుంటూ చెప్పింది: “ఆయమ్మ కానుకల పెట్టె తాళంచెవి పాస్టరయ్య బల్ల మీద పెట్టేసి వచ్చేసిందంటప్పా. ఎవురూ అడగనే లేదంట.” నిజం చెప్పాలంటే ఆ మాట విన్నప్పుడు నాకు జాలి కలగలేదు. తప్పు చేసింది కాబట్టే ఇచ్చేసింది అనుకున్నాను. ఛీ, ఎంత కళ్ళు నెత్తికెక్కాయో నాకు. ఇంకో మూడు నెలలకు నర్సమ్మ ఇల్లు ఖాళీ చేసి, మదనపల్లెలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది.

తర్వాత రెండేళ్ళకు నన్ను కుప్పం బదిలీ చేశారు. అక్కడ ఒకరోజు అన్నదమ్ములు పంచుకున్న పాత ఇంట్లో అదే ఎర్రదీపం కనిపించింది. నేను పెన్ను తీశాను. నాతో ఉన్న పెద్ద లైన్‌మన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగప్పా, అంత తొందర యాల? పక్క వాటాలో అన్నీ ఒక నిమిషం ఆపమని చెప్పు.”

పక్క వాటాలో టీవీ, ఫ్యాను ఆపారు. ఎర్రదీపం టక్కున ఆరిపోయింది. మళ్ళీ అవి వేయించాడు. వెలిగింది.

“కరెంటు ఒగ తీగలో వస్తాది, ఇంగో తీగలో ఎనక్కి పోతాది. ఒగ ఇంటిని రెండు సేసినప్పుడు, ఎనక్కి పోయే తీగల్ని గోడలో కలిపేసినారు. పక్కోళ్ళు వాడిందాంట్లో కొంత ఈయన మీటర్లో దూరి పోతాండాది. పాత చక్రం మీటరుకు ఇది తెలిసేది కాదు. దీనికి తెలస్తాది, అదీ ఈయన లెక్కలోనే యేస్తాది. ఈయన ఫ్యూజు పీకినా ఆగదు. దొంగ ఎవురూ లేరప్పా ఈడ” అన్నాడాయన.

పెన్ను జేబులో పెట్టేసి ఆ ఇంటి తిన్నె మీదే కూర్చున్నాను. చెవుల్లో ఆ గ్రైండరు గుర్రుమంటోంది. నర్సమ్మ స్టూలెక్కి చూపించింది తాను దొంగ కాదన్న రుజువునే. నేను చూశాను. చూసి, దాన్నే దొంగతనమని రాశాను. ముందు వాటాలో గ్రైండరు ఒక్క నిమిషం ఆపమని చెప్పి ఉంటే సరిపోయేది.

అంతా తెలిశాక కూడా దాదాపు ఏడాది పాటు మదనపల్లె వెళ్ళలేదు. సెలవు దొరకలేదని, పాపకు జ్వరమని, వర్షాలని నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. అసలు సంగతి భయం. చివరికి ఒక ఉదయం బస్సెక్కి వెళ్ళాను. నర్సమ్మ చిక్కిపోయి ఉంది. నన్ను గుర్తుపట్టి, కూర్చోమని, మజ్జిగే ఇచ్చింది. ఆ గ్లాసు చేతిలో పట్టుకుని జరిగిందంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆమె చివరి దాకా విన్నది.

“నాకు యాల చెప్తాండావప్పా? నేను దొంగతనం సేయలేదని నాకు తెలుసు గదా. తెలియనోళ్ళకు చెప్పు. పుంగనూరు చర్చిలో ఒగ ఆదివారం నిలబడి, అందురూ వినేటట్టు చెప్పు. నాకు అది చాలు.”

“చెప్తానమ్మా” అన్నాను.

పుంగనూరు వెళ్ళాను కూడా. కానీ ఆదివారం కాదు, బుధవారం. అందరి ముందూ నిలబడే ధైర్యం లేక, పాస్టరయ్య ఇంటికి వెళ్ళి ఆయన ఒక్కరి చెవిలో వేశాను. ఆయన నెమ్మదైన మనిషి. “ఎప్పటి మాటప్పా అది, అందురూ మరిచిపోయినారు. మళ్ళా లేపేది ఎందుకు?” అన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ మాట పట్టుకుని బయటపడ్డాను. ఆ సాయంత్రమే నర్సమ్మకు కార్డు రాశాను. చర్చిలో చెప్పేశానమ్మా, మీరిక దిగులు పెట్టుకోకండి అని.

ఆమె పోయిందని కబురు ఇంకో మూడేళ్ళకు వచ్చింది. మదనపల్లెలో సమాధుల తోటకు పుంగనూరు నుంచి కూడా కొందరు బస్సులో వచ్చారు. మట్టి వేసి అందరూ వెనక్కి తిరిగాక, పుంగనూరు చర్చి పెద్ద ఒకాయన నా పక్కన నిలబడి అన్నాడు: “బంగారట్లాంటి మనిషప్పా. ఆ కరెంటు సంగతి ఒగటి జరక్కుండా ఉండింటే ఎంత బాగుండు.”

ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు, మరిచిపోయింది నేనొక్కణ్ణే అన్నమాట. అప్పుడు చెప్పాను, అక్కడున్న నలుగురూ వినేటట్టు. “ఆయమ్మ ఏ తప్పూ సేయలేదు పెద్దాయనా. అది ముందు వాటా గ్రైండరు కరెంటు. తప్పుగా రాసింది నేను.”

నర్సమ్మ చెల్లెలు ఆ మాట విని దగ్గరికొచ్చింది. “కార్డు రాసింది నువ్వేనా అప్పా?” అంది.

అవునన్నాను.

“అక్క దాన్ని బైబిల్లో పెట్టుకోనుండె. ఆ కార్డు వచ్చినప్పటి నుంచి, పుంగనూరోళ్ళు ఎవురన్నా వచ్చి ఒగ మాట అంటారని ప్రతి ఆదివారం వాకిట్లో కుర్చీ యేసుకోని కూచునేది. ఎవురూ రాలేదు. నువ్వు చెప్పినా వాళ్ళు నమ్మలేదనుకోని పోయిందప్పా మా అక్క.”