రాముడు పెట్టిన గుడ్డు

నందిగామ బజారులో ఈమధ్య రంగురంగుల పిట్టలమ్మే దుకాణమొకటి తెరిచారు. దాని ముందునుంచి వెళ్లినప్పుడల్లా నానిన కొర్రలు, ఎండిన రెట్ట, తుప్పుపట్టిన ఇనుప తీగ కలిసిన వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకి ఎవరికైనా బాల్యం తీయగా గుర్తొస్తుందేమో గాని, నాకు మాత్రం జగ్గయ్యపేటలో మా ఇంటి వసారా, అందులో వేలాడిన పంజరం, దాని చుట్టూ చేరి మా పెద్దవాళ్లు వెలగబెట్టిన మూర్ఖత్వం గుర్తొస్తాయి.

ఇంటికి పెద్ద మా పెదనాన్న. పురుగుమందుల దుకాణం నడిపేవాడు. ఏ పురుగుకి ఏ మందో రైతులకి గంటల తరబడి శాస్త్రం చెప్పి, ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే ఆ శాస్త్రాన్ని కూడా వాటితోపాటు గుమ్మం బయటే వదిలేసేవాడు. మా బాబాయికి పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లల్లేరు. జంట చిలకలు ఇంట్లో గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తే వంశం నిలుస్తుందనీ, చేయకపోతే దోషం కోడలిదేననీ జ్యోతిష్కుడొకడు తేల్చాడు. గుడ్లు పిల్లలు కాకపోతే పిన్నిని చిల్లకల్లులోని పుట్టింటికి పంపేసి బాబాయికి మరో పెళ్లి చేయాలని నానమ్మ నిశ్చయించింది. పరిటాలలో పిల్లను కూడా చూసిపెట్టింది. ఒక మనిషి కాపురాన్ని తీసుకెళ్లి పిట్ట కడుపులో పెట్టారన్నమాట.

ఆ పిట్టల్ని ఎంచిన తీరు ఇంకా ఘనం. తాటితొర్రల్లో చిలకల్ని పట్టేవాడు తెచ్చిన జంటలో ఒకదాని మెడ చుట్టూ నల్లని పట్టీ, గులాబీ గీత ఉన్నాయి. అది ఉరితాడు గుర్తనీ, ఇంటికి అరిష్టమనీ నానమ్మ దాన్ని తిప్పి పంపి, నున్నని మెడలున్న రెంటిని ఏరి తీసుకుంది. కాస్త లావుగా ఉన్నదానికి రాముడనీ, రెండోదానికి సీతనీ పేర్లు పెట్టి, పంజరానికి పసుపుకొమ్ము కట్టి పెళ్లి చేసి పాయసం వండించింది.

ఇక ఆ ఎండాకాలమంతా మాకు చిలకల సేవే. నానబెట్టిన శనగలు, జామకాయ ముక్కలు, ఎర్రగా పండిన మిరపకాయలు, పక్కకి కన్నం చేసి రంపపు పొట్టు నింపిన కొత్త కుండ అన్నీ వాటికే. వీధిలో ఎండిన మిరప ఘాటుకి మేం తుమ్మినా కసురుకునేవారు, వసారాలో గోళీలాడితే వీపు మోగేది. పిన్ని నీడ పంజరం మీద పడకూడదు గనక, వంటింట్లోంచి బావికి పోవాలంటే ఆమె మిట్టమధ్యాహ్నం కూడా కాళ్లు కాలుతూ పెరటి చుట్టూ తిరిగి వెళ్లేది. సీత గంగరేగుపండంత తెల్లని గుడ్లు పెట్టి, తిండి కూడా సరిగ్గా తినక పొదిగింది. గుడ్లన్నీ మురిగి కంపు కొట్టాయి.

"నేను చెప్పలా? దీని నీడ తగిలింది," అంది నానమ్మ.

సీత మళ్లీ గుడ్లకొచ్చింది. ఇదే ఆఖరి అవకాశమని నానమ్మ చెప్పేసింది. ఒక మధ్యాహ్నం మేం అష్టాచెమ్మా ఆడుకుంటుంటే, కుండలోకి సీత రానివ్వకపోయేసరికి, రాముడు పంజరం మూల ఈకలు ఉబ్బించుకుని ముక్కుతూ కూర్చున్నాడు. వంటింటి గడప దగ్గర నిలబడిన పిన్ని అది చూసి కేక వేసింది.

"బావగారూ, ఒకసారి ఇటు రండి. రాముడు గుడ్డు పెట్టాడండి!"

పిల్లలం పడీపడీ నవ్వాం. పెదనాన్న వచ్చి, ఇంకా తడి ఆరని గుడ్డును చాలాసేపు చూశాడు. బుర్రన్నది ఉంటే ఆ క్షణాన పనిచేయాలి.

"చూశావా అమ్మా! ఈవిడ చూపు పడ్డాక మగది కూడా ఆడదైపోయింది," అన్నాడు.

"ఎంత పాడు కళ్లే నీవి!" అని నానమ్మ బుగ్గలు నొక్కుకుంది. బాబాయి పేపర్లోంచి తలెత్తలేదు.

చిలకలొచ్చాక పిన్ని మొదటిసారి గడప దాటి వసారాలోకి వచ్చింది. "రెండూ ఆడవే అత్తయ్యా. మెడకి పట్టీ ఉన్న మగదాన్ని మీరే తిప్పి పంపారు. మగది లేకుండా పిల్లలెక్కణ్ణించొస్తాయి? నన్ను తిప్పని ఆస్పత్రి లేదు, మింగించని మందు లేదు. మీ అబ్బాయిని ఒక్కసారన్నా డాక్టరుకి చూపించారా?"

"నోర్ముయ్! మగాణ్ణి పట్టుకుని అంత మాటంటావా? రేపే పంపించేస్తా నిన్ను!"

"మీరు పంపేదేంటి? నేనే పోతున్నా," అని పిన్ని ఆ సాయంత్రమే బస్సెక్కింది.

పరిటాల పిల్ల కాపురానికి వచ్చింది. ఆమెకీ పిల్లలు పుట్టలేదు. ఈసారి తప్పు వంటింటి దిక్కుదని, మా పెదనాన్న గోడ పగలగొట్టించాడు.

ఇప్పుడు ఆ గోడలూ లేవు, ఆ మనుషులూ లేరు. చిలకలు గూడు పెట్టుకునే మొండి తాడిచెట్లను కొట్టేసి ప్లాట్లు వేశారు. రామచిలకను పంజరంలో పెడితే నేరమని చట్టం చెబుతోంది. పిన్ని చిల్లకల్లులో టీచరుగా పనిచేసి రిటైరైంది.

పోయిన నెల నా బీపీ చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లాను. నా ముందు ఒకావిడ కోడల్ని తీసుకొచ్చి కూర్చుంది.

"పెళ్లయి నాలుగేళ్లండి. మావాడికేంటి, గుండ్రాయిలా ఉన్నాడు. టెస్టులన్నీ దీనికే రాయండి," అంది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ముందు మీ అబ్బాయిని పంపించండమ్మా, తర్వాత ఈ అమ్మాయి సంగతి చూద్దాం."

ఆవిడ మొహం మాడ్చుకుని లేచి, కోడలి చెయ్యి పట్టుకుని, వేరే ఆస్పత్రికి ఆటో మాట్లాడుకుంది.