ముందు పత్తర్‌గట్టిలో పెట్టి చూడు

పొద్దున వచ్చిన ఒక ఉత్తరం చదువుతూ టీ తాగడమే మరిచిపోయాను. ఉత్తరమంటే ఈ-మెయిలే లెండి. ఏళ్ల తరబడి నేను చూసుకున్న ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని పోయిన నెలే ఖమ్మం అమ్మాయి ఒకామెకు అప్పగించాను. దానితోపాటు ఇచ్చిన నా జాగ్రత్తల పట్టిక చదవబోయి ఆ పిల్ల మొదటి పంక్తి దగ్గరే ఆగిపోయిందట. ‘ముందు పత్తర్‌గట్టిలో పెట్టి చూడు’ అని రాశారు, ఇదేం పరీక్ష మేడమ్, ఎంత వెతికినా దొరకలేదు అని అడిగింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు కూడా చెమర్చాయి.

మన ఈడువాళ్లకు ఈ కొలువేమిటో కాస్త చెప్పాలి. అప్పట్లో నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం, దబీర్‌పురా స్టేషన్ వెనక ఇల్లు. డ్యూటీ దిగి, వంట ముగించుకుని కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. ఎక్కడో ఎవరో మహానుభావులు ఒక ప్రోగ్రాం రాసి ఉచితంగా లోకానికి వదిలేస్తే, అది మామూలు మనుషుల కంప్యూటర్లలో తంటా లేకుండా ఇమిడేట్టు మూటగట్టి పంపడం, చెడితే తిట్లు తినడం, ఆ తిట్లనే మర్యాదగా మార్చి, ప్రోగ్రాం రాసినవాళ్లకు చేరవేయడం, కొత్తది వచ్చినప్పుడు పాతదాన్ని నమ్ముకున్నవాళ్ల పని ఆగకుండా చూడడం నా వంతు. ఒకరకంగా పెళ్లిళ్ల పేరమ్మ పని, అటువాళ్లూ ఇటువాళ్లూ అనేవాళ్లే. జీతం బత్తెం లేకుండా తోడేలు గొర్రెల్ని కాస్తానన్నదట అని మా ఆయన ఎగతాళి చేసేవారు. చేస్తే చేయనీ, నాకదంటే ప్రాణం.

నా ప్యాకేజీ ప్రింటర్లకు కాగితం కొలతలు చెప్పేది. దాన్ని లోకంలో ఎవరెవరు వాడేవారో గానీ, నాకు ముఖం తెలిసినవాడు ఒక్కడే, పాతబస్తీ బజారులో పత్తర్‌గట్టి సందులో పెళ్లికార్డులు అచ్చువేసే భాయ్. ఆయన పాత కంప్యూటర్లో నేనే పెట్టిచ్చాను. తన కార్డుల కొలతలన్నీ ఒక్కొక్కటిగా అందులో ఎక్కించుకుని మురిసిపోయాడు.

ఒకసారి కొత్త రూపం తయారుచేసి, నా కంప్యూటర్లో పెట్టి చూసి, బ్రహ్మాండంగా ఉందని విడుదల చేసేశాను. పాతది ఉన్నచోటే దానిమీద పెడితే ఏమవుతుందో చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. పైగా భాయ్‌కి ఫోన్ చేసి మరీ పెట్టుకోమన్నాను. మర్నాడు శుక్రవారం, ఆయన నా మాట మీద పెట్టుకుని, బార్కస్‌లో ఉండే ఆడపెళ్లివారి కార్డులు మూడు వందలు అచ్చుకు వదిలి నమాజుకు వెళ్లాడు. తిరిగొచ్చాక నాకు ఫోన్ చేశాడు. అక్కా అనడానికి ఆపా అనేవాడు నన్ను.

“ఆపా, జర దుకాణంకు రా. ఆఖరి లైన్ మాయమైంది.”

“ఏ లైన్ భాయ్?”

“ఫంక్షన్ హాల్ అడ్రస్. బారాత్ ఏడికి పోవాలె ఇగ?”

పరుగున వెళ్లాను. నా కొత్త మూట ఆయన కొలతలన్నీ తుడిచేసి తన కొలతలు పెట్టుకుంది. కార్డు అడుగున పంక్తి ఉండాల్సినచోట తెల్లగా ఖాళీ. ఆ రకం కార్డు బజారులో అయిపోయింది, ఆడపెళ్లివారు సాయంత్రానికల్లా వస్తారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. భాయ్ లోపలికెళ్లి వాళ్ల నాన్నను పిలుచుకొచ్చాడు. కంప్యూటరు వచ్చాక కలం పక్కన పెట్టేసిన ఖుష్‌నవీస్ ఆయన, అందమైన ఉర్దూ రాత రాసే మనిషి. ఆ పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని, మూడు వందల కార్డుల మీదా చిరునామా తన చేత్తో రాశారు. నేను పక్కనే కూర్చుని, భాయ్ కొలతలు మళ్లీ ఎక్కించి, నా తప్పు దిద్ది, లోకానికంతా క్షమాపణ రాసుకున్నాను. సాయంత్రం బార్కస్ పెద్దమనిషి కార్డు చూసి, మొత్తం చేత్తోనే రాయించాల్సింది కదా అన్నాడు!

ఆ తర్వాత కొత్త రూపం విడుదల చేయాలంటే నాకు చేతులాడలేదు. ఈ పని వదిలేస్తానని భాయ్‌తో అన్నాను కూడా. ఆయన గల్లాపెట్టె ముందు నుంచి లేచి, కంప్యూటర్ దగ్గర నాకు కుర్చీ లాగాడు.

“ఏంది ఆపా గట్ల అంటవ్? ముందు ఈడ పెట్టు. చెడితే నా ఒక్కని దుకాణమే చెడుతది. పర్వా లేదు.”

ఆనాటి నుంచి ప్రతిసారీ పత్తర్‌గట్టికి వెళ్లి, ఆ పాత కంప్యూటర్లో పెట్టి, ఒక కార్డు తీసి చూసి, ఇరానీ చాయ్ తాగాకే లోకానికి వదిలేదాన్ని. మళ్లీ ఎవరి పంక్తీ పోలేదు.

ఇప్పుడా దుకాణం లేదు. మొన్న భాయ్ తన మనవరాలి పెళ్లిపిలుపు ఫోన్లోనే పంపాడు, వెళ్లి కడుపునిండా తిని వచ్చాను. ఈ కథంతా రాసి పంపితే, మధ్యాహ్నానికల్లా ఖమ్మం పిల్ల జవాబిచ్చింది. పాత కొలతలున్నచోట కొత్తది పెట్టి చూసే పరీక్షను యంత్రమే చేసేట్టు రాసేసిందట, దానికి పత్తర్‌గట్టి అనే పేరు పెట్టిందట. రెప్పపాటులో అయిపోతుందట. మంచిదే, సంతోషమే. ఇక ఎవరి కార్డులూ పాడవ్వవు. ఆ యంత్రానికి చెడితే పోయేదేమీ లేదు. భాయ్‌కి ఉండేది, అయినా పెట్టమన్నాడు.