కొమ్మ కొట్టని ఏడాది

నా చిన్నప్పుడు మా ఊరు ఒక బేరంలో గెలిచింది; ఆ గెలుపు తరువాతనే చెడింది. ఇన్నేళ్ల తరువాత దీనిని రాసి ఉంచడానికి కారణం ఉంది. నేనిప్పుడు జనగామలో ఉంటున్నాను. మా తమ్ముని మనుమరాలు ఒక బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. అందరూ మిషన్లు ఆపి కూర్చుంటే యాజమాన్యం దిగివచ్చి కూలి పెంచిందని మొన్న సంతోషంగా వచ్చి చెప్పింది. వచ్చే సీజనుకు ఆర్డర్లు ఇక్కడికే వస్తాయా, మరొక చోటికి పోతాయా అని అడిగాను.

"గదంతా ఆఫీసోళ్లు చూసుకుంటరు తాతా. మంచి మాట చెప్తే మొఖం గట్ల పెడ్తవేంది?" అని నవ్వింది. అటువంటి నవ్వును నేను పూర్వం మా ఊళ్లో విన్నాను. అందుచేత జరిగినదాన్ని జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

మాది కొత్తగూడ దిక్కు, అడవి అంచున ఉన్న పల్లె. ఎండాకాలమంతా తునికాకు మీదనే ఊరు బతికేది. ఆడవాళ్లు పొద్దున్నే అడవికి పోయి బీడీలకు పనికివచ్చే లేత ఆకు తెంపి, ఇంటికి తెచ్చి కట్టలు కట్టి, పొద్దు వాలేసరికి కల్లానికి మోసేవారు. కల్లమంటే ఆకును ఎండబెట్టే చదునైన నేల. బీడీ కంపెనీకి ఆకు పంపే కంట్రాక్టరు తరఫున అక్కడ కల్లేదారు ఉండేవాడు. కట్టను తిప్పి చూసి తీసుకోవడమో, పక్కకు విసరడమో అతని పని.

కల్లేదారు తొందరపడేవాడు కాడు. మంచం మీద కూర్చుని బీడీ కాల్చి, చాయ తాగి, దారిన పోయేవారి యోగక్షేమాలన్నీ అడిగి, ఆకు అంచులు ముడుచుకున్న తరువాత లేచేవాడు. "వాడింది" అనేవాడు. వాడిన ఆకుకు అతను చెప్పిందే ధర. పక్కకు విసిరిన కట్టలు కూడా తిరిగి మా చేతికి వచ్చేవి కావు. వాటినీ అతనే ఎండబెట్టుకునేవాడు.

మా పక్కింటి అక్క భర్త చెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. ఆమెకు చిన్న బిడ్డ ఉండేది. ఆకు పని దొరికినన్నాళ్లే ఆమె ఊళ్లో నిలువగలదు. లేకుంటే బిడ్డను చంకనెత్తుకుని ఇటుక బట్టీల మేస్త్రీ వెంట దూరం పోవలసిందే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. అడవి నుంచి వచ్చేటప్పుడు తన బిడ్డతో పాటు నాకూ దొప్పలో మొర్రి పండ్లు తెచ్చేది. ఆమె వెళ్లిపోతుందన్న ఊహే నాకు భయంగా ఉండేది.

ఆ ఎండాకాలం మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, ఒక ఉపాయం చేసింది. "తెంపినంక బేరం ఏందే? తెంపకముందుగాలనే అడగాలె" అని ఆడవాళ్లందరినీ ఒప్పించింది. అందరూ రోజూ మాదిరిగానే అడవికి పోయి, ఒక్క ఆకు తెంపకుండా ఇప్ప చెట్ల నీడన కూర్చున్నారు. ఖాళీ కల్లం చూసి కల్లేదారు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏందవ్వా, అడవికి పండనీకి వచ్చిన్రా?"

"పండుడు కాదు బిడ్డా. ఆకు చెట్టుకుంటే సల్లగుంటది. నువ్వే గిట్ల ఎండల నిలవడితే వాడిపోతవ్. జర నీడకు రా."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. కొన్నాళ్లకు కంట్రాక్టరే వచ్చి ఒప్పుకున్నాడు. ధర పెంచాలి, తెచ్చిన కట్టను వెంటనే చూడాలి, పనికిరాని కట్టను తిరిగి ఇచ్చివేయాలి. ఆ ఏడు మేస్త్రీ వచ్చినప్పుడు అక్క అతన్ని గడప ఎక్కనివ్వలేదు. "నా బిడ్డ గీ ఊళ్లెనే బడికి పోతది. నువ్వు పో అన్నా" అంది.

తునికి పొదను చలికాలం చివర మొదలంటా కొట్టాలి; దీనినే కొమ్మ కొట్టడం అంటారు. ఆ మోడు నుంచి వచ్చే చిగురే మెత్తని ఆకు అవుతుంది. కొట్టని పొదకు మొరటు ఆకు వస్తుంది. ఏటా కంట్రాక్టరు కూలి ఇచ్చి ఆ పని చేయించేవాడు. మరుసటి ఏడు శివరాత్రి దాటినా అతని మనుషులు రాలేదు. దానిని ఎవరూ పట్టించుకోలేదు. అవ్వ మాత్రం అడవి చూసి వచ్చి, అన్నం ముట్టకుండా, గొడ్డలి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మనమే కొట్టుకుందాం రమ్మని బతిమాలింది.

మా ఊరివాళ్ల తండ్రులు, తాతలు దొరలకు వెట్టి చేసినవాళ్లు. కూలి లేని పని అంటేనే వారికి ఒళ్లు మండేది. "కొట్టుడు కంట్రాక్టరు పని. గెలిచినంక మళ్ల వెట్టి చేయమంటవా అవ్వా?" అని ఒకాయన నవ్వితే అందరూ నవ్వారు. వారి అభిమానాన్ని నేను ఈనాటికీ తప్పుపట్టలేను. అవ్వ వెంట పక్కింటి అక్క ఒక్కతే వెళ్లింది. ఇద్దరూ చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టినా ఒక్క గుట్ట వాలు మాత్రమే అయింది.

ఎండాకాలం వచ్చింది. కల్లేదారు ఈసారి మంచం మీద కూర్చోలేదు. కట్ట దింపగానే చూశాడు; చూడగానే మర్యాదగా తిరిగి చేతిలో పెట్టాడు. "మొరటాకు అక్కా, బీడీ చుడితే పల్గుతది. మీరు అడిగినట్లె గద, జల్ది చూస్తున్న, జల్ది వాపసిస్తున్న" అన్నాడు. ఒప్పుకున్న షరతులలో ఒక్కటి కూడా అతను తప్పలేదు.

గుట్ట వాలు మీది మెత్తని ఆకును ఊరంతా తెంపుకుంది. నవ్వినవాళ్లు కూడా వచ్చారు. అవ్వ ఎవరినీ అడ్డుకోలేదు. అది కొద్ది రోజులకే అయిపోయింది. కంట్రాక్టరు పక్క అడవిలో ముందే కొమ్మ కొట్టించాడని అప్పుడు తెలిసింది. మా కల్లం మూతపడింది.

మేస్త్రీ మళ్లీ వచ్చాడు. ఈసారి అక్క అతని వెంట బయలుదేరింది. నెత్తిన మూట, చంకలో నిద్రపోతున్న బిడ్డ. అవ్వ చేయి పట్టుకుని, "నువ్వు చెప్పినట్లె ఇన్న గదవ్వా" అంది. ఆ మాటలో నింద లేదు. అందుకే అవ్వ తట్టుకోలేకపోయింది. వారు కనుమరుగయ్యాక నా వైపు తిరిగి, "మనం ఆకును చూసినం కొడుకా. కంట్రాక్టరు మోడును చూసిండు" అంది.

ఆ తరువాత బతికినన్నాళ్లూ అవ్వ ఏటా చలికాలంలో గొడ్డలి పట్టుకుని అడవికి పోయింది. క్రమంగా ఊరివాళ్లూ ఆమె వెంట నడిచారు. కల్లం మళ్లీ తెరిచారు. అక్క తిరిగి రాలేదు.

నేను చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాను. ఎవరైనా బేరంలో గెలిచామని చెబితే, దానికి ముందు జరగవలసిన పని ఎవరి చేతిలో ఉందని అడగడం నాకు అలవాటైంది. అందువల్ల సంతోషంగా వచ్చినవారు ముఖం చిన్నబుచ్చుకుని పోతారు. మనుమరాలు కూడా అలాగే పోయింది. అయినా అడగడం మానలేను.

తునికి పని ఎరిగినవారు కొత్తగూడలోనూ, భూపాలపల్లి అడవుల దిక్కునా ఇంకా ఉన్నారు. కొమ్మ కొట్టే అదను గురించి గాని, కల్లం పద్ధతి గురించి గాని నేను పొరపాటు రాసి ఉంటే వారు దయచేసి సరిదిద్దాలి. అక్క తిరిగి రాలేదని కూడా రాశాను. చదువు కోసం నేను ఊరు విడిచిన తరువాత ఎవరైనా ఆమెను అక్కడ చూసి ఉంటే, అన్నిటికంటే ముందు ఆ తప్పును దిద్దండి.