కిక్కిసలో లెక్కపెట్టిన గొంతు

దయ్యాల మాట వస్తే నేను లేచి వెళ్లిపోయే రకం. ఊళ్లో సర్వేయరుగా పనిచేస్తున్నాను. కొలిచి చూపించలేనిదాన్ని కాగితం మీద పెట్టే అలవాటు నాకు లేదు. ఇదొక్కటీ ఏ కొలతకీ అందలేదు.

భీమడోలు నుంచి కొల్లేరు వైపు దిగితే వచ్చే ఊరు మాది. నేను ఇంటర్ చదివేటప్పుడు మా పక్క చేనువాళ్లు చేపల చెరువు తవ్వాలని హద్దులు కొలిపించారు. మూడు ఊళ్ల సరిహద్దులు కలిసేచోట పాతకాలపు సర్వే రాయి ఒకటి ఉండాలి. మా హద్దు తేలాల్సింది దాన్నిబట్టే. వెతికినవాళ్లు రాయి లేదన్నారు. అంచనాగా ఇంకోచోట కొత్త రాయి పాతారు. దాంతో మా చేలో అర ఎకరం చెరువులో కలిసిపోయింది.

నాన్న ఒప్పుకోలేదు. "రాయి దొరికిందని కిక్కిస గడ్డి లోపల్నుంచి కేక వేశారండీ. గట్టు మీద నిలబడి నా చెవులతో విన్నాను" అని ప్రతి ఆఫీసులోనూ చెప్పేవారు. గట్టు మీదున్న మిగతావాళ్లు మాకేం వినబడలేదన్నారు. రానురాను జనం ఆయన్ని చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఒకరోజు నేనూ అనేశాను, "ఎవరికీ వినబడంది మీకొక్కరికే వినబడిందా నాన్నా, ఇంక ఊరుకోండి" అని. ఆ తర్వాత ఆయన ఆ ఊసెత్తలేదు. రెండేళ్లకి పోయారు.

ఆ రోజు కొలత గొలుసు పట్టుకుని గడ్డి లోపలికెళ్లిన చైన్‌మన్ నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. నేను బాబాయ్ అంటాను. నాన్న పోయాక మాకు పెద్దదిక్కు ఆయనే. పొలం పటం చదవడం, గడ్డపారతో పొడిచి చప్పుడునిబట్టి భూమిలో ఉన్న రాయిని పసిగట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ ఉద్యోగం ఆయన చలవే.

మొన్న వేసవిలో రీసర్వే చేస్తుంటే ఆ కొత్త రాయి మిగతా రాళ్లతో కుదరలేదు. పాతది వెతుకుదాం రమ్మని బాబాయ్‌ని అడిగాను. మోకాళ్ల నొప్పులన్నారు. ఎండలన్నారు. మూడోసారి అడిగితే కాదనలేక వచ్చారు.

పొద్దున పదింటికి చెరువు గట్టు దిగి కిక్కిసలోకి వెళ్లాం. దారంటూ ఏమీ లేదు. మనిషెత్తు గడ్డి, మధ్యలో తుమ్మ కంప, కాళ్ల కింద ఎండి పగిలిన బురద. ముందు నడుస్తున్న బాబాయ్ నన్ను పడమరకి తీసుకెళ్తున్నారు.

కుడివైపు నుంచి గొలుసు ఈడుస్తున్న చప్పుడు వినబడింది. ఇప్పుడెవరూ గొలుసుతో కొలవరు, అంతా మిషన్లే. ఆ వెంటనే ఓ మగ గొంతు "పదకొండు" అంది. కాసేపటికి "పన్నెండు" అంది.

వేరే ఊరి సర్వేవాళ్లేమోనని పిలిచాను. ఎవరూ పలకలేదు.

"ఎవరో కొలుస్తున్నారు బాబాయ్."

"ఎవరూ లేరమ్మా. నువ్వు ఇటు రా" అన్నారు గానీ, ఆయనే అక్కణ్నుంచి కదల్లేదు.

నేను ఆ గొంతు వెంట వెళ్లాను. గడ్డి కోసుకుని చేతులు మండుతున్నాయి. పంతొమ్మిది దగ్గర లెక్క ఆగింది. "రాయి దొరికిందండీ" అని కేక వినబడింది, నాకు రెండు మూడడుగుల ముందు. అక్కడ మనిషి లేడు. గడ్డి కూడా నలగలేదు.

గడ్డపార దించితే మోకాలి లోతులో ఖంగుమంది. చేత్తో మట్టి తీశాను. రాయి నెత్తిన మూడు ఊళ్ల వైపూ చెక్కిన మూడు గీతలున్నాయి. తర్వాత మిషను పెట్టి చూస్తే పాత పటంతో జానెడు తేడా కూడా రాలేదు.

వెనక్కి తిరిగితే బాబాయ్ నా వెనకే వచ్చి నిలబడి ఉన్నారు. ముఖంలో నెత్తురు లేదు.

"ఆ గొంతు ఎవరిది బాబాయ్? మీకూ వినబడింది కదా."

రాయి వైపు చూస్తూ చెప్పారు. "నాదేనమ్మా. ఆ రోజు రాయి కనబడగానే అలవాటుకొద్దీ కేకేశాను. మా ఆఫీసాయన వెనకే వచ్చి, లేదని చెప్పు, పెద్దవాళ్లతో పని అన్నాడు. మట్టి కప్పేసి బయటికొచ్చాను. మీ నాన్న నాలుగు రోజులు గొడవపడి ఊరుకుంటాడనుకున్నాను."

నాన్నని చూసి జనం నవ్వుతున్నప్పుడు ఈయన ఆ పక్కనే ఉన్నారు. నాన్న పాడె మోసినవాళ్లలో ఈయనా ఉన్నారు. నాకు పటాలు నేర్పుతూ ఈ ఒక్క పటం ఎందుకు తియ్యలేదో అప్పుడు అర్థమైంది. గడ్డపార అక్కడే వదిలేసి గట్టెక్కాను.

అమ్మకి చెబితే, "అయితే మీ నాన్న విన్నారన్నమాట" అంది. అంతే. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

హద్దు సరిచేయడానికి కాగితాలు పంపాను. రిపోర్టులో "వెతకగా రాయి దొరికింది" అని రాశాను. బాబాయ్ రెండుసార్లు మా గుమ్మం దాకా వచ్చారు. నేను తలుపు తియ్యలేదు.

ఆ గొంతు నాన్నదే అయ్యుంటే, నా కోసం వచ్చారనుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని. బతికున్న మనిషి గొంతు, ఆయన నోరు మెదపకుండా నా వెనక నిలబడి ఉండగా, ముందు నుంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.