కందిచేల దగ్గర ఆగిపోయే బండి

చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుని గేర్ల బండి నడిపే ఆడది రోడ్డు పక్కన ఆగిందంటే చాలు, దారినపోయే ప్రతి మగాడూ మెకానిక్కే. ఆ కొన్ని వారాల్లో నేను పడ్డ మాటలు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బండి మా నాయనది. నాకు నేర్పింది ఆయనే. కిడ్నీలు పాడయ్యాక ముందు సీటు నాకొచ్చింది, వెనక సీటు ఆయనకు పోయింది. వారానికి రెండుసార్లు మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించాలి. మాది యర్రగొండపాలెం వైపు పల్లె. మా ఊరి బస్సును నమ్ముకుంటే పొద్దుటి వంతు అందదు. ఆలస్యమైతే మిషను మీద ఉంచే సమయం తగ్గిస్తారు. తగ్గిస్తే మర్నాటికి నాయన కాళ్ళు వాస్తాయి, పడుకుంటే ఊపిరాడదు. కాబట్టి ఆ బండి నడవాల్సిందే.

అలాంటి బండి వానాకాలం చివర్లో మొరాయించడం మొదలుపెట్టింది. త్రిపురాంతకం దాటి పెద్ద రోడ్డెక్కి, కందిచేలు మొదలయ్యే చోటికి వచ్చేసరికి ఇంజను దగ్గి, గింజుకుని, చచ్చిపోయేది. నేను కాలు నొప్పి పుట్టేదాకా కిక్కు కొట్టేదాన్ని. ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఇంతలో ఎవడో ఒకడు ఆగేవాడు.

"ఏంది చెల్లెమ్మా, పెట్రోలు ఉందా అసలు?"

పొద్దున్నే నేనే పోయించానని చెప్పినా వినేవాడు కాదు. మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపి, లోపలికి తొంగిచూసి, మూత పెట్టి కిక్కు కొట్టేవాడు. బండి లేచేది! మీసం దువ్వుకుంటూ, "చూసినావా, మగచెయ్యి పడాల," అని పోయేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నా చేతికి లేవని బండి వీళ్ళ చేతికి ఎట్లా లేస్తోంది?

త్రిపురాంతకంలో మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. ప్లగ్గు మార్చాడు. కార్బొరేటరు కడిగాడు. అయినా ఆగుతుంటే ఇంజను మొత్తం విప్పి, రింగులు మార్చాడు. తప్పు మాత్రం నాదేనని తేల్చాడు.

"సగం క్లచ్చి పట్టుకోని తోల్తాంటావక్కా నువ్వు. ఆడోళ్ళందరిదీ అదే రోగం. బండి ఏం చేస్తాది పాపం!"

దుకాణం ముందున్న వాళ్ళంతా నవ్వారు. నాయన అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ బండిని ఇరవై ఏళ్ళు నడిపిన మనిషి. మా పిల్ల బండి బాగా తోలుతుందని ఒక్క మాటంటే ఆయన సొమ్మేం పోయింది? తువ్వాలుతో మొహం తుడుచుకుని తలొంచుకున్నాడు. ఆ తలొంపు నాకు మెకానిక్కు మాటలకంటే ఎక్కువ కాలింది.

ఇంజను కట్టించుకుని వచ్చిన మరుసటిసారి, మళ్ళీ అదే కందిచేల దగ్గర ఆగింది. ఆ రోజు ఎవరూ ఆగలేదు. లారీలు దుమ్ము కొట్టి పోతున్నాయి. ఇంకోపక్క ఆసుపత్రి టైము దాటిపోతోంది. నాయన గట్టు మీద చతికిలబడ్డాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆ మగాళ్ళందరి గొంతూ నేనే తెచ్చుకుని, "ఏంది చెల్లెమ్మా, పెట్రోలు ఉందా అసలు?" అని అరుస్తూ మూత లాగాను.

ట్యాంకు సుయ్‌మని గాలి పీల్చుకుంది.

మూత పెట్టి, కాసేపాగి కిక్కు కొట్టాను. ఒక్క దెబ్బకు లేచింది.

అప్పుడు అర్థమైంది. మగచెయ్యీ లేదు, మట్టిగడ్డా లేదు. నాకు పెట్రోలు పోయించడం కూడా రాదనుకుని వాళ్ళు మూత తీసేవాళ్ళు. తీసినప్పుడు గాలి లోపలికి పోయేది. గాలి పోతే పెట్రోలు కిందికి దిగేది. మూతకు గాలి ఆడే సన్నటి బెజ్జం ఉంటుంది. మూత తిరగేసి చూశాను. బెజ్జం నిండా నీలం రంగు బట్టల సబ్బు, వేలితో నొక్కి నొక్కి పెట్టినట్టుగా.

ట్యాంకు కారితే సబ్బు రుద్దాలని నాకు చెప్పింది నాయనే. ఆసుపత్రికి పోయే ముందురోజు సాయంత్రం బండి తుడిచేదీ నాయనే. ఇప్పుడు ఆయనకు మిగిలిన పని అదొక్కటే.

"ఇదేంది నాయనా?"

చేల వైపు చూస్తూ, "సబ్బు," అన్నాడు.

"సబ్బని నాకూ కనపడతాంది. ఎందుకు పెట్టినావు?"

గట్టు మీది గడ్డి పీకుతూ మెల్లగా అన్నాడు. "ఇంగ చాలు పాపా. ఎన్నాళ్ళని తిప్పుతావు? నీ కూలి పాయె, నీ కాపురం పాయె. నేను రానంటే నువ్వు వినవు. కూతురు తీసకపోలేదని ఊర్లో నిన్ననకూడదు. బండి పోయింది, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తాదిలే, అనుకుంటారనుకున్నా."

"ఎవరనుకున్నారు? అందరూ నన్నే అన్న్యారు! ఆ మెకానిక్కు అన్నేసి మాటలంటాంటే పక్కనే కూర్చోని విన్నావు. నోట్లో కూడా సబ్బు పెట్టుకున్నావా?"

"బండినంటారనుకున్నా పాపా. నిన్నంటారని అనుకోలేదు."

చంపాలనిపించింది. చావడానికి దారి వెతుక్కుంటున్న మనిషిని చంపాలనిపించడమేంటో! గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, బెజ్జంలో సబ్బంతా గుచ్చి గుచ్చి లాగాను. మూత బిగించి, బండెక్కి, "ఎక్కు," అన్నాను.

ఎక్కలేదు. లేచి వచ్చి, బండి పక్కన నిలబడి, ఆ మూత వైపే చూస్తున్నాడు.

"ఎక్కు నాయనా, టైమైపోతాంది!"

"అట్లనే పోతే మళ్ళీ ఆగుతాది," అన్నాడు. "పైన తాళం సందును కప్పే రేకు కింద గాలి బెజ్జం ఇంకోటుంది. దాంట్లో కూడా పెట్టినా."

నేను తియ్యలేదు. పిన్నీసు ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వే తియ్యి."

సూదులు పొడిచి పొడిచి ఉబ్బిపోయిన చెయ్యి ట్యాంకు మీద ఆనించి, వంగి, ఆ ఎండలో ఒక్కొక్క పలుకే గీకి తీశాడు. చివరికి నోటితో ఊది చూసుకున్నాడు. ఆయన ఎక్కి నా భుజం పట్టుకునేదాకా నేను తిడుతూనే ఉన్నాను.